నలభై అని రాసిన నత్తలు

మార్చి 3, సోమవారం

డాక్టరు గారు ఎడారి నుంచి తిరిగొచ్చారు. ముక్కు మీద తోలు ఊడింది గానీ గొంతు మాత్రం ఎక్కడా తగ్గలేదు. కింద మెట్ల దగ్గరి నుంచే "కుంచెమ్మా! నీకేం తెచ్చానో చూడు!" అని కేక. మ్యూజియంలో మా నత్తల గది మూడో అంతస్తు. మొదటి అంతస్తులో పక్షులకు దూది కూరే వాళ్లు కూడా తలెత్తి ఉంటారు. నేను పొద్దస్తమానం సన్న కుంచె పట్టుకుని ఉంటానని ఆవిడ పెట్టిన పేరే ఈ కుంచెమ్మ.

తెచ్చింది థర్మాస్ ఫ్లాస్కు. అందులో నీళ్లు, కాస్త పాచి, నలభై నత్తలు. ప్రాణంతో! ఎప్పుడూ ఆవిడే అక్కడికక్కడ స్పిరిట్‌లో వేసి తెచ్చేవారు. ఈసారి ఆ స్పిరిట్, మందులు ఉన్న పెట్టె దారిలో జీపు మీద నుంచి జారిపోయిందట. ఒక్కో నత్త ఆవగింజంత ఉంది. ఇసుక దిబ్బల మధ్య నాలుగడుగుల ఊట ఒకటి ఉందట. ప్రపంచంలో ఈ రకం అక్కడ తప్ప ఇంకెక్కడా లేదని డాక్టరు గారి నమ్మకం.

"ఒకప్పుడు అక్కడ ఏరు పారేది. ఏరు పోయింది, చెట్లు పోయాయి. వీళ్లు మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు" అన్నారు, అద్దెకున్న వాళ్ల గురించి చెప్పినట్టు.

ఒకదాన్ని గాజు పళ్లెంలో పెట్టి మైక్రోస్కోపులో చూశాను. ఇరవై రెండేళ్లుగా ఈ గదిలో ఇసుకలోంచి గుల్లలు ఏరుతున్నాను, కొలుస్తున్నాను, బొమ్మలు గీస్తున్నాను. నడిచే నత్తను చూడడం ఇదే మొదలు. మీసాల్లాంటి కొమ్ములు రెండు, వాటి మొదట్లో రెండు నల్లటి కళ్లు. ఎక్కడికో పనుందన్నట్టు పోతోంది.

దేవుడా, ఎంత చిన్నగా రాస్తావు నువ్వు!

మార్చి 4, మంగళవారం

విషయం ఇదీ. ఆ ఊట పక్కన నీళ్ల సీసాల కంపెనీ వాళ్లు పెద్ద బోరు వేస్తామంటున్నారు. మే ఇరవైన నీటి శాఖలో విచారణ. ఈలోగా మా నత్త కొత్త జాతి అని వర్ణన రాసి, బొమ్మలతో పత్రికకు పంపాలి. లేకపోతే విచారణ కాగితాల్లో అది 'కొన్ని నత్తలు' అని ఉంటుందట. "కొన్ని నత్తల కోసం ఎవడూ బోరు ఆపడు. పేరున్న నత్త కోసమైతే ఆలోచిస్తాడు" అన్నారు డాక్టరు గారు.

చిక్కేమిటంటే, ఈ కుటుంబంలో గుల్లలన్నీ అన్నదమ్ముల్లా ఒకేలా ఉంటాయి. జాతిని తేల్చేది మగ నత్తకు మెడ మీద ఉండే ఆ భాగం. డాక్టరు గారు దాని పేరు కూరగాయల ధర అడిగినట్టు గట్టిగా అనేస్తారు. నేను ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ అనలేదు. బొమ్మ కింద 'ఆ.భా.' అని రాస్తే ఆవిడే టైపులో సరిచేస్తారు.

అది కనబడాలంటే నత్త ఒళ్లంతా బయట పెట్టి ఉండగానే స్పిరిట్‌లో వెయ్యాలి. అందుకు ముందుగా నీళ్లలో మెంథాల్ పలుకులు చల్లి, మూత పెట్టి, పన్నెండు గంటలు ఉంచాలి. నొప్పి తెలియని నిద్ర వస్తుందట. అందులోంచి ఇక లేవవు. రేపు ఆ పని నాది. ఆవిడ రెండు రోజులు నీటి శాఖ ఆఫీసులో ఉంటారు.

మార్చి 5, బుధవారం

మెంథాల్ వేశాను. స్పిరిట్‌లోకి మార్చాను. రిజిస్టరు రాశాను. తలనొప్పిగా ఉంది, ఆ ఘాటుకే అయి ఉంటుంది.

మార్చి 6, గురువారం

నాకు నేను రాసుకునే పుస్తకంలో కూడా నిన్న దొంగలా రాశాను. ఈరోజు సరిగా రాస్తాను.

ఉదయం నలభై లెక్కపెట్టాను. అందులో పన్నెండింటిని పాచితో సహా చిన్న గాజు సీసాలో వేశాను. ఎందుకని అడిగితే, ఏమో, ఎందుకైనా మంచిదని. మిగిలిన ఇరవై ఎనిమిదికీ మెంథాల్ వేశాను. నాలుగు గంటలు గడిచేసరికి కదలడం మానేశాయి. కొమ్ములు చాచి, మెడలు చాచి, ఎండలో పడుకున్న వాళ్లలా ఉన్నాయి. కుంచెతో ఒకదాన్ని తాకాను. అది కొమ్మును నెమ్మదిగా కుంచె మీద ఆనించింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. నిద్రపోయాయిలే, ఇంకా ఎందుకు బాధపెట్టడం అనుకుని స్పిరిట్‌లో వేసేశాను.

రిజిస్టరులో సంఖ్య గడిలో నలభై అని రాశాను. అబద్ధం కాదు, వచ్చినవి నలభయ్యే. గంటల గడిలో పన్నెండు అని రాశాను. ఆ గడిలో పైనుంచి కింద దాకా డాక్టరు గారి చేతిరాతతో పన్నెండే ఉంది, నా చెయ్యి కూడా ఆ దారినే పోయింది.

సీసాను భోజనం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. దేవుడి మూలలో, దీపం వేడి తగలనంత దూరంలో పెట్టాను. ప్రాణం కాపాడడం పాపం కాదు. కాదు కదా.

మార్చి 9, ఆదివారం

ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి సీసా వైపు చూశాను. మూడుసార్లు.

మార్చి 11, మంగళవారం

సీసా అత్తయ్య కంట పడింది. డెబ్బై ఎనిమిదేళ్లు, చెవులు మందం గానీ కళ్లకు ఇంకా అద్దాలు లేవు.

"ఏమే, దేవుడి దగ్గర ఆ మురికి నీళ్లేంటి?"

"నత్తలు అత్తయ్యా."

"ఏంటీ?"

"నత్తలు."

"నువ్వు మాట్లాడితే చీమ కూడా ఏంటీ అంటుంది. గట్టిగా చెప్పు!"

"నత్తలు!" అన్నాను. ముందు గదిలో గడియారాలు బాగుచేసుకుంటున్న మా ఆయన, "పక్కింటి వాళ్లకి కూడా అర్థమైందట" అన్నారు.

అత్తయ్య సీసాను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. మా ఆయన కంటికి బిగించుకునే అద్దం లాక్కొచ్చి మళ్లీ చూసింది. "ఇది చూడు, ఇది నీ మామగారిలా నడుస్తోంది. అడుగు వేసేవాడు, ఎందుకు వేశానా అని ఆగేవాడు" అంది. సాయంత్రానికి సీసా తన మంచం పక్కన కిటికీలోకి మారింది. ఒక నత్త చచ్చిపోయిందని కూడా తనే చెప్పింది. ఇంకా పదకొండు.

మార్చి 14, శుక్రవారం

గుల్లల కొలతలు అయ్యాయి. మధ్యాహ్నం డాక్టరు గారు సన్న సూదులు తీసుకుని స్పిరిట్ సీసా ముందు కూర్చున్నారు. మొదటి నత్త ఒళ్లంతా లోపలికి లాక్కుని, గుల్ల నోటికి ఉండే చిన్న తలుపు బిగించుకుని ఉంది. రెండోదీ అంతే. ఇరవై వరకు చూశారు. నాకు తెలుస్తూనే ఉంది. నిద్ర చాలక ముందే ఘాటు తగిలింది. అన్నీ ఉలిక్కిపడి తలుపులు వేసుకున్నాయి.

గుల్ల పగలగొట్టి ఒకదాన్ని విప్పారు. పిండి ఆరేసిన గుడ్డలా ముడతలు. ఆ భాగం ఏదో, మెడ ఏదో తెలియడం లేదు.

"పన్నెండు గంటలు ఉంచావు కదా?" అన్నారు.

నేను ఏదో అన్నాను. ఏమన్నానో నాకే తెలియదు. ఆవిడ విన్నది మాత్రం "ఊ".

"అయితే మెంథాలే పాతది. మన స్టోరు వాళ్లు ఏ కాలం నాటిది అంటగట్టారో!"

మార్చి 15, శనివారం

ఏమీ తోచలేదు. ఇల్లంతా రెండుసార్లు తుడిచాను.

మార్చి 18, మంగళవారం

స్టోరు ఆయనకు మెమో ఇచ్చారు. 'గడువు తీరిన రసాయనం ఇచ్చినందుకు సంజాయిషీ చెప్పవలెను.' ఆయనకు ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. మనిషి గోడకు ఆనుకుని నడుస్తాడు, ఎవరికీ అడ్డం రాకూడదని. నా దగ్గరికొచ్చి, "అమ్మా, డబ్బా మీద తేదీ బాగానే ఉంది. మీరే వాడారు కదా, వాసన ఘాటుగా లేదా?" అని అడిగాడు.

"ఘాటుగానే ఉందండి" అన్నాను.

"ఆ మాట డాక్టరమ్మతో ఒకసారి చెబుతారా?"

చెబుతానన్నాను. చెప్పలేదు. ఆవిడ ఫోనులో ఉన్నారు. తర్వాత భోజనానికి వెళ్లారు. తర్వాత నేను వెళ్లిపోయాను.

మార్చి 21, శుక్రవారం

మళ్లీ ఎడారికి వెళ్లి నత్తలు తెస్తానని డాక్టరు గారు అనుమతి అడిగారు. ఊట చుట్టూ కంపెనీ కంచె వేసిందట. విచారణ అయ్యేదాకా ఎవరినీ రానివ్వరట. ఆవిడ ఈరోజు కేకలు వెయ్యలేదు. అదే భయంగా ఉంది.

"ఇంకేం లేదు కుంచెమ్మా. గుల్ల బొమ్మలు ఒక్కటే పెట్టుకుని వెళ్తే వాళ్ల వకీలు నవ్వుతాడు" అన్నారు. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుస్తూనే ఉన్నారు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

ఆవిడ వెతుకుతున్నది మా అత్తయ్య కిటికీలో ఉంది. ఇస్తే చంపాలి. ఇవ్వకపోతే ఊటలో ఉన్నవన్నీ పోతాయి. లెక్కకు ఇది పదో తరగతి కూడా అక్కర్లేని లెక్క. అయినా పొద్దున్నుంచీ తెమలడం లేదు. నిజం చెప్పాలంటే అడ్డం పడుతున్నది నత్తల మీద జాలి కాదు. నా ముఖం ఎలా చూపించాలా అని.

మార్చి 27, గురువారం

అత్తయ్య పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, "ఏమే, నీ ఆవగింజలు పిల్లల్ని కన్నాయి" అంది.

"పాచి తుంపులై ఉంటాయి అత్తయ్యా."

"పాచికి కళ్లుంటాయా?"

వెళ్లి చూశాను. సీసా గోడ మీద, చుక్క పెట్టడానికి కూడా చాలనంత పిల్లలు. తొమ్మిది వరకు లెక్కపెట్టి ఆపేశాను, చూపు చెదిరింది. మా ఆయన కంటి అద్దంతో చూసి, "ఇంత చిన్న యంత్రం నేనైతే విప్పను బాబూ" అన్నారు.

అంటే ఆ పదకొండులో మగవీ ఉన్నాయన్నమాట.

ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. అత్తయ్య నా వైపు చూసి, "పిల్లలు పుడితే ఏడుస్తావేంటే?" అంది. అప్పుడు చెప్పాను. అంతా. మెంథాలు, నాలుగు గంటలు, నలభై, స్టోరు ఆయన మెమో. గట్టిగా చెప్పాల్సి వచ్చింది, లేకపోతే ఆమెకు వినబడదు. నా తప్పు నేనే అరిచి చెప్పుకోవడం విచిత్రంగా ఉంది.

మా ఆయన చేతిలో పని ఆపి విన్నారు. "ఇంట్లో ఇంత బాగా అరిచావు. అక్కడా ఇలాగే అరువు" అన్నారు.

మార్చి 28, శుక్రవారం

వెళ్లి చెప్పాను. డాక్టరు గారు మైక్రోస్కోపు మీదికి వంగి ఉన్నారు.

"డాక్టరు గారూ, ఆ నత్తల్ని పన్నెండు గంటలు ఉంచలేదండి. నాలుగే. తప్పు నాది" అన్నాను.

"సరే, సరే, ఫ్యాను ఆపెయ్యి" అన్నారు. నా మాట వినబడనే లేదు.

ఫ్యాను ఆపేశాను. ఇంటికొచ్చేశాను.

మార్చి 31, సోమవారం

సీసాను సంచిలో కాకుండా చేతుల్లో పట్టుకుని వెళ్లాను, అందరూ చూసేలా. తీసుకెళ్లి ఆవిడ కాగితాల మీద పెట్టాను.

"ఏంటిది?"

"మన నత్తలు. పదకొండు. పిల్లలు కాక." తర్వాత మిగతాదంతా చెప్పాను. ఈసారి గోడ అవతల పురుగుల విభాగం వాళ్లు కూడా టైపు చెయ్యడం ఆపారు.

డాక్టరు గారు కళ్లద్దాలు సవరించుకుని సీసా మీదికి వంగారు. నేను ఉద్యోగం గురించి ఆలోచించాను. నిజానికి దాని గురించి కూడా కాదు. ఆ కాసేపూ గోడ మీద కిటికీ నీడ ఎక్కడుందో అదే చూస్తున్నాను.

"బతికున్నాయా?" అన్నారు చివరికి.

"పిల్లల్ని కూడా కన్నాయండి."

"ఎడారి ఊట నత్తని సీసాలో పెంచి పిల్లల్ని పుట్టించిన వాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. మీరు నీళ్లేం పోశారు?"

కోపం వస్తే ఆవిడ నన్ను 'మీరు' అంటారు. "మా అత్తయ్య పోస్తుందండి. కాచి చల్లార్చి."

ఆవిడ నవ్వలేదు. ముందు స్టోరు ఆయన్ని పిలిపించి, నా ముందే, మెమో చింపేసి క్షమాపణ చెప్పారు. నేనూ చెప్పాను. ఆయన కంగారుపడి మా ఇద్దరికీ తనే క్షమాపణ చెప్పి వెళ్లిపోయాడు. తర్వాత రిజిస్టరు నా ముందు పెట్టారు. నలభై కొట్టేసి ఇరవై ఎనిమిది, పన్నెండు కొట్టేసి నాలుగు అని రాశాను. పక్కన సంతకం, ఈనాటి తేదీ.

"పెద్దవాటిలో ఆరు కావాలి. మిగతా ఐదూ, పిల్లలూ ఉండనీ. నేను చేస్తాను, నువ్వు ఇంటికెళ్లు" అన్నారు. మళ్లీ 'నువ్వు' అయ్యాను.

"నేనే చేస్తాను" అన్నాను.

ఏప్రిల్ 2, బుధవారం

ఉదయం ఏడుకు మెంథాల్ వేసి కూర్చున్నాను. ప్రార్థన పుస్తకం తెచ్చుకున్నాను గానీ తెరవలేదు. చదువుతూ ఉంటే చూడనట్టు అవుతుంది. పదకొండుకు నిద్రపోయాయి. నిద్రపోయినట్టు కనబడ్డాయి. ఒంటి గంటకు ఒకదాని కొమ్ము కదిలింది. మూడుకు ఏదీ కదల్లేదు. నాలుగున్నరకు మళ్లీ ఒకటి, ఇంతలో ఇంత. అంటే ఆ రోజు అన్నీ ఇంకా లోపల మెలకువగానే ఉన్నాయి. నేను నా బాధ తగ్గించుకున్నాను, వాటి బాధ కాదు.

సాయంత్రం ఏడుకు కుంచెతో తాకితే ఏ చలనమూ లేదు. ఆరింటినీ ఒక్కొక్కటిగా స్పిరిట్‌లోకి మార్చాను. ఒక్కటీ తలుపు వేసుకోలేదు.

దేవుడా, వాటిని నీకు అప్పగించాను. నీ లెక్కలో ఆరు రాసుకో.

ఏప్రిల్ 8, మంగళవారం

ఆరింటిలో రెండు మగవి. చక్కగా మెడ చాచి ఉన్నాయి. ఆ భాగం కుడి కన్ను వెనక, వంపు తిరిగి, చివర రెండు వేళ్లలా చీలి, మధ్యలో నల్లటి చార. పక్క లోయలో ఊట నత్తకు ఒకటే వేలు, చార లేదు. కొత్త జాతే! డాక్టరు గారు లేచి గదిలో ఒక చుట్టు తిరిగొచ్చారు. గది చిన్నది, మూడుసార్లు తిరిగారు.

రోజంతా ఆ బొమ్మే గీశాను. ఇరవై రెండేళ్లలో ఇంత బాగా ఏదీ గీయలేదు. ఇంట్లో ఏం గీశావని అడిగితే 'మెడ' అన్నాను.

ఏప్రిల్ 24, గురువారం

పత్రికకు పంపాం. ఊట ఆకారాన్ని బట్టి పేరు పెట్టారు. రెండు మాటల పేరు, నోరు తిరగదు. అత్తయ్య రెండు రోజులు సాధన చేసి, ఇప్పుడు పాలవాడికి కూడా చెబుతోంది.

మే 20, మంగళవారం

నీటి శాఖ పెద్ద హాలు. నలభై మంది ఉంటారు. పేపరు వాళ్లు ఇద్దరు. డాక్టరు గారు అరగంట మాట్లాడారు. అధికారి నెమ్మదస్తుడు, అన్నీ రాసుకుంటున్నాడు. తర్వాత కంపెనీ వకీలు లేచి మా రిజిస్టరు తెరిచాడు.

"ఇక్కడ అంకెలు కొట్టేసి వేరేవి రాశారు. రాసినావిడ వచ్చారా?"

లేచి ముందుకు వెళ్లాను.

"ముందు పక్క ఊట నత్తకీ దీనికీ తేడా చెప్పండి. మీరే కదా బొమ్మ గీసింది? ఇది దేని బొమ్మ?"

హాలంతా నా వైపే చూస్తోంది. వెనక వరసలో మా ఆయన, పక్కన అత్తయ్య, చెవి ముందుకు చాపి.

"మగ నత్త పురుషాంగం" అన్నాను.

"ఏంటీ?" అంది అత్తయ్య వెనక నుంచి.

"పురుషాంగం!" అన్నాను. మైకు కూడా ఉంది. కొందరు నవ్వారు. నవ్వనీ. రెండు వేళ్లు, నల్ల చార, కొలతలు, అన్నీ చెప్పాను. చెబుతుంటే భయం పోయింది. తెలిసిన సంగతే కదా.

"సరే. మరి ఈ కొట్టివేత?" అన్నాడు వకీలు. "మొదట నలభై అన్నారు, పన్నెండు గంటలన్నారు. తర్వాత మార్చారు. అంటే అబద్ధం రాశారు."

"అవునండి. అబద్ధమే రాశాను. ఇరవై ఆరు రోజులు అలాగే ఉంచాను. తర్వాత దిద్దాను."

డాక్టరు గారు లేవబోతే అధికారి చేత్తో ఆపి, నన్నే అడిగాడు. "పన్నెండు గంటలు ఉంచాల్సినవాటిని నాలుగు గంటలకే ఎందుకు తీశారమ్మా?"

"జాలేసిందండి."

మళ్లీ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"మరి రెండోసారి పన్నెండు గంటలూ ఉంచారు. అప్పుడు జాలెయ్యలేదా?"

"అప్పుడూ వేసిందండి. తియ్యలేదు."

ఆయన ఆ మాట రాసుకున్నాడు. వకీలు ఇంకో రెండు ప్రశ్నలు అడిగి కూర్చున్నాడు. బయటికొచ్చాక డాక్టరు గారు నా చెయ్యి పట్టుకుని మెట్లన్నీ దిగారు. అత్తయ్య బస్సులో అందరికీ వినబడేలా, "మెడ అన్నావు కదే నాతో!" అంది.

జూన్ 6, శుక్రవారం

ఆర్డరు వచ్చింది. ఊటకు ఐదు కిలోమీటర్ల లోపు ఎవరూ బోరు వెయ్యకూడదు. నాలుగో పేజీలో మా నత్త పేరు, రెండు మాటలూ, అచ్చులో. డాక్టరు గారు మెట్ల మీద నుంచే చదవడం మొదలుపెట్టారు. స్టోరు ఆయన అందరికీ టీ తెచ్చాడు, ఈసారి గది మధ్యలోంచి నడిచి.

సాయంత్రం కాపీ ఇంటికి తెచ్చి అత్తయ్యకు చదివి వినిపించాను. మిగిలిన ఐదు పెద్దవాటినీ, ఇప్పుడు ముప్పై దాటిన పిల్లల్నీ తన కిటికీలోంచి కదల్చడానికి ఆమె ఒప్పుకోలేదు. చివరికి మ్యూజియం వాళ్లే సీసాకు ఒక నంబరు వేసి, మా ఇంటి చిరునామా రాసుకుని ఊరుకున్నారు.

అత్తయ్య ఆర్డరు చివర్లో ప్రతులు ఎవరెవరికి పంపారో వేలితో చూపించి అడిగింది. కంపెనీకి, నీటి శాఖకు, మ్యూజియానికి అని చదివాను.

"వీటికెవరు చెబుతారు మరి?" అంది సీసా వైపు చూసి. "నువ్వే చెప్పు. నీ గొంతు వాటికి సరిగ్గా సరిపోతుంది."

వంగి చెప్పాను. ఒకటి కొమ్ములు ఇటు తిప్పి, కాసేపు ఆగి, తన పని మీద తాను వెళ్లిపోయింది.